ఎర్ల్ ఎస్. మెక్‌ఫర్సన్

ఎర్ల్ స్టీల్ మెక్‌ఫర్సన్ (జూలై 6, 1891 - 1960) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన మోటారు వాహనాల ఇంజనీరు. కార్ల ముందు చక్రాలకు అమర్చే మెక్‌ఫర్సన్ స్ట్రట్ అను సస్పెన్షన్ రూపకర్తగా ఇతడు ప్రసిద్ధుడు. చవకగా దొరికే చిన్న కారుకు కూడా ఖరీదైన కారుతో సమానమైన సుఖప్రయాణము కల్పించవలెనన్నది ఇతని ప్రయత్నము. అందుకొరకు తలపెట్టిన కారు అమ్మకానికి రాకముందే రద్దయినది. దానికొరకు తయారుచేసిన సస్పెన్షన్ మాత్రము ప్రపంచమంతటా వ్యాపించినది. భారతదేశములో 1983లో వచ్చిన మారుతి 800 మొదలుకొని చిన్న కార్లలో అత్యధికము ఈ పద్ధతిలోనివే. విజయనగరం, శ్రీకాకుళం వీధులలో తిరిగే కార్లకు ముందు చక్రాల వెనుక కనబడే నిలువు గొట్టము, దానిని చుట్టుకొని ఉండే స్ప్రింగు ఇతని పేరుతో పిలవబడుచున్నవే.

తొలి జీవితము

మెక్‌ఫర్సన్ ఇల్లినాయ్ రాష్ట్రములోని హైలాండ్ పార్క్‌లో జన్మించాడు. 1915లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము నుండి పట్టభద్రుడై, డెట్రాయిట్ నగరములోని చామర్స్ మోటార్ కంపెనీలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలములో అమెరికా సైన్యము తరఫున ఐరోపాలో విమానాల ఇంజన్లకు సంబంధించిన పనిచేశాడు. యుద్ధము ముగిసిన తరువాత కొంతకాలము లిబర్టీ మోటార్ కార్ కంపెనీలోను, 1923 నుండి హప్‌మొబైల్ కార్లు తయారుచేసే హప్ కంపెనీలోను ఉద్యోగము చేశాడు. ఆనాడు డెట్రాయిట్‌లో ఉన్న చిన్న కార్ల కంపెనీలు చాలావరకు తరువాతి రోజులలో మూతబడ్డాయి. పైన చెప్పిన మూడు పేర్లూ ఈనాడు పాతకార్ల సేకర్తలకు తప్ప ఇతరులకు తెలియవు. 1934లో ఇతడు జనరల్ మోటార్స్ సంస్థలో చేరాడు. మరుసటి సంవత్సరమే ఆ సంస్థకు చెందిన షెవర్లే విభాగములో ప్రధాన డిజైన్ ఇంజనీరు అయ్యాడు.

ముందు ఇరుసు సమస్య

మెక్‌ఫర్సన్ చేసిన పని అర్థము కావలెనంటే అంతకుముందు ఉన్న పద్ధతి తెలిసి ఉండాలి. ఎడ్లబండికి రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే ఇరుసు ఉంటుంది. తొలినాటి మోటారు వాహనాలకు ముందువైపు కూడా అటువంటి ఇరుసే ఉండేది. జట్కాబండికి ఉన్నట్లే ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య కమానులు, అనగా ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు, అమర్చేవారు. ఈ ఏర్పాటు చాలా దృఢమైనది, చవకైనది. అయితే ఎడమ చక్రము గుంతలో పడితే ఇరుసు మొత్తము ఒరిగి కుడి చక్రము కూడా వాలుతుంది. ముందు చక్రాలకు బ్రేకులు, లావైన టైర్లు వచ్చి వేగము పెరిగేసరికి ఇంకొక ఇబ్బంది తలెత్తినది. కొంత వేగము దాటగానే ముందు చక్రాలు తమంతట తామే కుడికీ ఎడమకూ అదిరేవి, స్టీరింగ్ చక్రము చేతులలో వణికేది.

దీనికి పరిష్కారముగా ఒక్కొక్క ముందు చక్రము విడివిడిగా పైకీ కిందికీ కదిలే స్వతంత్ర సస్పెన్షన్‌ను జనరల్ మోటార్స్ 1934 నమూనాలలో ప్రవేశపెట్టింది. కాడిలాక్ వంటి ఖరీదైన కార్లకు ప్రతి చక్రానికీ పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు త్రికోణపు చేతులు, మధ్య చుట్టు స్ప్రింగు పెట్టారు. షెవర్లే కార్లకు ఫ్రాన్సు దేశస్థుడు ఆంద్రే డ్యుబొనే రూపొందించిన వేరొక పద్ధతి వాడారు. ఇందులో స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ రెండూ నూనె నింపిన ఒక డబ్బాలో ఇమిడి ఉండేవి. నూనె కారిపోతే పని చెడేది. 1939లో షెవర్లే కూడా దీనిని వదలి రెండు చేతుల పద్ధతికి మారింది. ఈ మార్పు జరిగిన కాలములో ఆ విభాగపు డిజైన్ బాధ్యత మెక్‌ఫర్సన్‌ది. రెండు చేతుల పద్ధతి బాగా పనిచేసేది గానీ దానికి భాగాలు ఎక్కువ, బిగింపులు ఎక్కువ, ఇంజను పక్కన అది ఆక్రమించే చోటు కూడా ఎక్కువ. చవక కారుకు అది బరువే.

షెవర్లే కేడెట్

రెండవ ప్రపంచ యుద్ధము చివరి దశలో, సైన్యము నుండి తిరిగివచ్చే లక్షలాది యువకులకు చవకైన కారు కావలసివస్తుందని జనరల్ మోటార్స్ భావించింది. 1945లో షెవర్లే లైట్ కార్ అను పథకాన్ని ప్రకటించి, దానికి మెక్‌ఫర్సన్‌ను ప్రధాన ఇంజనీరుగా నియమించింది. తరువాత ఈ కారుకు కేడెట్ అని పేరు పెట్టారు. ధర సుమారు 1,000 డాలర్లు, బరువు 2,200 పౌండ్లు (దాదాపు 1,000 కిలోలు) మించరాదన్నది నియమము. చక్రాల మధ్య దూరము 108 అంగుళాలు, నాలుగు తలుపులు, ఆరు సిలిండర్ల చిన్న ఇంజను. అమెరికా వారి లెక్కలో ఇది చిన్న కారే.

ఇంత తక్కువ బరువుగల కారులో నలుగురు కూర్చుంటే మొత్తము బరువులో మనుషుల వాటా పెద్దదవుతుంది. డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడు మెత్తగా ఉండే స్ప్రింగు నలుగురు ఎక్కగానే కుంగిపోతుంది. నలుగురికి సరిపోయేటట్లు గట్టి స్ప్రింగు వేస్తే ఒక్కడు నడిపినప్పుడు ఎత్తివేస్తుంది. పెద్ద కార్లలో ఈ తేడా అంతగా తెలియదు. కనుక చిన్న కారుకు చక్రము పైకీ కిందికీ కదిలే దూరము ఎక్కువగా ఉండాలి, పైగా ఖర్చు తక్కువ కావాలి. ఈ రెండింటినీ కలిపి సాధించడానికి మెక్‌ఫర్సన్ స్ప్రింగునూ షాక్ అబ్జార్బర్‌నూ ఒకే నిలువు స్తంభముగా చేసి, ఆ స్తంభాన్నే చక్రాన్ని నిలబెట్టే భాగముగా కూడా వాడుకున్నాడు. కేడెట్‌కు నాలుగు చక్రాలకూ ఈ స్తంభాలే.

నమూనా కార్లు తయారై పరీక్షలు జరిగాయి. అయితే కారు ఖర్చు అనుకున్న పరిమితిలో ఇమడలేదు. యుద్ధానంతరము ఉక్కు కొరత ఉండడము, పెద్ద కార్లనే జనము ఎగబడి కొనడము వలన చిన్న కారు అవసరము లేదని యాజమాన్యము తలచింది. 1947లో కేడెట్‌ను పూర్తిగా రద్దుచేశారు. స్తంభపు సస్పెన్షన్ పేటెంటుకు అదే సంవత్సరము జనరల్ మోటార్స్ పేరున దరఖాస్తు చేశారు గాని, ఆ సంస్థ దానిని వాడుకోలేదు.

ఫోర్డు కంపెనీలో

1947 సెప్టెంబరులో మెక్‌ఫర్సన్ ప్రత్యర్థి సంస్థయైన ఫోర్డులో చేరాడు. అప్పటి వరకు ఫోర్డు కార్లకు ముందువైపు ఒంటి ఇరుసు, అడ్డముగా ఒకే కమాను ఉండేవి. హెన్రీ ఫోర్డు 1947 ఏప్రిల్‌లో మరణించే వరకు ఈ విషయములో పట్టు వీడలేదు. 1949 నమూనాతో ఫోర్డు కార్లకు స్వతంత్ర ముందు సస్పెన్షన్ వచ్చింది కాని అది రెండు చేతుల పద్ధతిదే.

మెక్‌ఫర్సన్ ఆలోచన అమెరికాలో గాక ఐరోపాలోని ఫోర్డు శాఖలలో ముందుగా కార్యరూపము దాల్చింది. ఫ్రాన్సు శాఖవారి వెడెట్ కారు దీనిని వాడిన మొదటి కార్లలో ఒకటి. 1950లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో బ్రిటిష్ శాఖ కాన్సల్, జెఫిర్ అను రెండు కార్లను చూపింది. ఈ రెండూ చాసిస్ లేకుండా బాడీయే చాసిస్‌గా పనిచేసే పద్ధతిలో కట్టినవి. స్తంభపు సస్పెన్షన్‌కు కావలసినది సరిగ్గా ఇటువంటి బాడీయే. 1949లో మెక్‌ఫర్సన్ ఫోర్డు పేరున రెండవ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. పాత యజమాని పేరున ఒకటి, కొత్త యజమాని పేరున ఒకటి, రెండు పేటెంట్లూ 1953లోనే మంజూరు కావడము విచిత్రము.

ఇటువంటి ఆలోచన లోకములో మొట్టమొదట ఇతనికే తట్టిందని చెప్పలేము. ఇటలీలో ఫియట్ కంపెనీకి చెందిన గైడో ఫోర్నాకా 1920లలోనే దీనికి పోలిన నిర్మాణానికి పేటెంటు పొందాడు. అయితే తక్కువ భాగాలతో, వేల సంఖ్యలో కర్మాగారములో తయారు చేయడానికి వీలైన రూపము ఇచ్చినది మెక్‌ఫర్సనే. పేరు నిలిచినది అందువల్లనే.

1952లో ఇతడు ఫోర్డు కంపెనీకి ఇంజనీరింగ్ వ్యవహారాల వైస్ ప్రెసిడెంటు అయ్యాడు. ఆ సంవత్సరము లింకన్ కార్లకు, 1954లో ఫోర్డు కార్లకు ముందు సస్పెన్షన్‌లో కింగ్ పిన్నుల స్థానే బాల్ జాయింట్లు వచ్చాయి. చక్రము పైకీ కిందికీ కదలడము, పక్కకు తిరగడము రెండూ ఒకే గుండ్రని కీలు వద్ద జరగడము దీని విశేషము.

స్ట్రట్ పనిచేయు విధము

మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో ముఖ్యభాగము దృఢమైన షాక్ అబ్జార్బర్ గొట్టము. దాని కింది కొన చక్రపు హబ్బును గట్టిగా పట్టి ఉంటుంది. గొట్టము పైభాగము చుట్టూ స్ప్రింగు ఉంటుంది. పై కొన రబ్బరు దిమ్మ, బేరింగుల ద్వారా బాడీకి, అనగా బానెట్ కింద మడ్‌గార్డు లోపలివైపున ఉండే గుండ్రని పీఠానికి, బిగించబడుతుంది. కింద ఒక్క అడ్డపు చేయి మాత్రమే ఉంటుంది. మొదటి రూపములో ఈ చేయి ముందుకూ వెనుకకూ జరగకుండా కారు ఒరుగుదలను తగ్గించే యాంటీ రోల్ బార్ కొనలనే వాడుకున్నారు. ఒకే కడ్డీతో రెండు పనులు చేయించడము ఇతని నేర్పుకు మంచి ఉదాహరణ.

పై చేయి లేకపోవడము వలన ఇంజనుకు ఇరువైపులా చోటు మిగులుతుంది. ముందు చక్రాలే కారును లాగే పద్ధతి, ఇంజనును అడ్డముగా అమర్చే పద్ధతి 1970లలో వ్యాపించినప్పుడు ఈ చోటే వరమయింది. లోపాలు కూడా లేకపోలేదు. స్తంభము పొడవు వలన బానెట్ ఎత్తుగా ఉండాలి. పక్కబలము అంతా గొట్టములోని కడ్డీపై పడి రాపిడి పెరుగుతుంది. రోడ్డు చప్పుడు నేరుగా బాడీలోకి వస్తుంది. కారు మలుపులో ఒరిగినప్పుడు చక్రాన్ని నిటారుగా నిలపడములో రెండు చేతుల పద్ధతియే మెరుగు. అందుచేత పందెపు కార్లు చాలావరకు దానినే వాడుతాయి.

పాత పికప్ ట్రక్కులు, ముందు సస్పెన్షన్ మార్పిడి

ముందు సస్పెన్షన్ చరిత్రలో ఇంత పేరు పొందిన మెక్‌ఫర్సన్ పనిచేసిన రెండు కంపెనీల పికప్ ట్రక్కులకూ ఇతని కాలములో పాత ఒంటి ఇరుసే కొనసాగింది. 1947లో వచ్చిన షెవర్లే పికప్పులు, 1948 ఫోర్డు ఎఫ్-1, ఇతడు వైస్ ప్రెసిడెంటుగా ఉండగా 1953లో విడుదలైన ఎఫ్-100 అన్నీ కమానులపై నిలిచిన ఇరుసు బండ్లే. పికప్ అనగా పొలములోకి ధాన్యము, సామాను మోసే బండి, దానికి సుఖము అక్కరలేదన్నది ఆనాటి అభిప్రాయము. షెవర్లే పికప్పులకు 1960లో టోర్షన్ బార్లతో స్వతంత్ర సస్పెన్షన్ వచ్చింది. ఫోర్డు పికప్పులకు 1965లో రెండు విడి ఇరుసులు, చుట్టు స్ప్రింగులు గల పద్ధతి వచ్చింది. అప్పటికి మెక్‌ఫర్సన్ జీవించి లేడు.

ఈ పాత పికప్పులు తరువాత అమెరికాలో అభిమానుల వస్తువులయ్యాయి. వాటిని హైవేలపై నేటి వేగముతో నడపదలచినవారు ముందు ఇరుసు తీసివేసి కొత్త సస్పెన్షన్ పెట్టుకోవడము పెద్ద వ్యాపకమైనది. మొదట ఇరుసు, కమానులు, పాత స్టీరింగ్ పెట్టె విప్పుతారు. చాసిస్ రెండు పట్టాలను ముందు చక్రాల వద్ద పలకలతో మూసి బలపరుస్తారు. చక్రము మడ్‌గార్డు మధ్యకు వచ్చేటట్లు కొలతపెట్టి ఒక అడ్డదూలాన్ని వెల్డింగ్ చేస్తారు. దానికి పై చేతులు, కింది చేతులు, స్ప్రింగులు, ర్యాక్ స్టీరింగ్, డిస్కు బ్రేకులు అమరుస్తారు. ఎక్కువగా వాడేది 1974-1978 మధ్య వచ్చిన ఫోర్డు మస్టాంగ్ 2 కారు ముందుభాగపు పద్ధతి. అది ఇరుకైనది, స్టీరింగ్ ర్యాక్ చక్రాలకు ముందువైపున ఉండడము వలన ఇంజను నూనె తొట్టికి తగలదు. అయితే మస్టాంగ్ 2 చిన్న కారు. బరువైన ఇంజనున్న ట్రక్కుకు దాని చేతులను యథాతథముగా వాడరు, బలమైనవి చేయిస్తారు. మరికొందరు 2003-2011 మధ్య వచ్చిన ఫోర్డు క్రౌన్ విక్టోరియా కారు అల్యూమినియం దూలాన్ని మొత్తముగా తెచ్చి బోల్టులతో బిగిస్తారు. దీనిలో వెల్డింగ్ తక్కువ గాని, చక్రాల మధ్య వెడల్పు ఎక్కువ కావడముతో టైర్లు మడ్‌గార్డును ఒరుసుకోకుండా లోతైన రిమ్ములు చూసుకోవాలి.

ఈ పనిలో కష్టము బిగించడములో లేదు, కొలతలలో ఉన్నది. దూలము ఒకవైపు కొద్దిగా వంకరగా అతికినా బండి ఒక పక్కకు లాగుతుంది. స్టీరింగ్ ర్యాక్ కొనలు కింది చేతుల కీళ్లతో సరిపోలకపోతే చక్రము గుంతలో దిగిన ప్రతిసారీ తనంతట తానే తిరుగుతుంది. ఇది ప్రమాదకరము.

ఇంత మార్పిడిలోనూ మెక్‌ఫర్సన్ స్ట్రట్‌ను ఎవరూ సాధారణముగా ఎంచుకోరు. పైన చెప్పిన రెండు పద్ధతులూ రెండేసి చేతులు గలవే. దీనికి కారణము స్ట్రట్ తనంత తానుగా ఒక సంపూర్ణమైన పరికరము కాకపోవడమే. దాని పైకొన మోపే బలాన్ని భరించవలసినది బాడీ. పాత ట్రక్కులో బలమంతా కింద చాసిస్‌లోనే ఉంటుంది, మడ్‌గార్డులు బోల్టులతో తగిలించిన పలుచని రేకులు. ఆ రేకుపై స్ట్రట్‌ను నిలపలేము. రెండు చేతుల పద్ధతి మొత్తము ఒక్క దూలముపై ఇమిడిపోతుంది కనుక ఏ చాసిస్‌కైనా అతుకుతుంది. స్ట్రట్‌ను అతికించాలంటే బండి మొత్తాన్ని దానికి తగినట్లు కట్టాలి.

ఉత్తరాంధ్రలో

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఈ పరిణామము మొత్తము ఒకే తరము కళ్ల ముందు జరిగినది. దశాబ్దాల పాటు ఇక్కడి టాక్సీలు అంబాసిడర్లు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుండి వచ్చిన ఆ కారుకు ముందువైపు చుట్టు స్ప్రింగులు లేవు, చాసిస్ పొడవున సాగే టోర్షన్ బార్లు మెలితిరిగి బరువు మోస్తాయి. ప్రీమియర్ పద్మినికి రెండు చేతులు, చుట్టు స్ప్రింగులు ఉండేవి. సాలూరు దాటి కోరాపుట్ వైపు ఎక్కే ఘాట్ రోడ్డులోను, ఏజెన్సీ గ్రామాల బాటలలోను తిరిగిన మహీంద్రా జీపులది అమెరికా పాత పికప్పుల వలెనే ముందు కూడా ఒంటి ఇరుసు, కమాను పట్టీలు. 1983లో మారుతి 800, 1984లో మారుతి వ్యాను, 1998లో టాటా ఇండికా వచ్చిన తరువాత స్ట్రట్ అను మాట మెకానిక్కుల నోట స్థిరపడింది.

మరమ్మతు తీరు కూడా మారింది. విరిగిన కమాను పట్టీ ఒక్కటి తీసి వేరొకటి వేయవచ్చు. స్ట్రట్ విప్పాలంటే ముందుగా స్ప్రింగును పట్టీలతో నొక్కి ఉంచే పనిముట్టు ఉండాలి. అది లేకుండా పై నట్టు విప్పితే స్ప్రింగు ఎగిరి ప్రాణము తీయగలదు. గతుకుల రోడ్లలో ముందుగా అరిగేవి పై రబ్బరు దిమ్మ, బేరింగు. స్టీరింగ్ తిప్పినప్పుడు టక్కుమనే శబ్దము వాటి సూచన.

భారతదేశములో అమెరికా తరహా మార్పిడికి చట్టము అడ్డు. మోటారు వాహనాల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి భిన్నముగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. కనుక పాత జీపుకు కొత్త కారు ముందు సస్పెన్షన్ వేయించదలచినవారు ముందుగా రవాణా శాఖను సంప్రదించక తప్పదు.

చివరి సంవత్సరాలు

మెక్‌ఫర్సన్ 1958లో ఫోర్డు నుండి పదవీ విరమణ చేసి, 1960లో మరణించాడు. అదే సంవత్సరము ఫ్రాన్సులో ప్యూజో 404, 1962లో జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. 1500, 1966లో జపానులో టయోటా కరోలా ఇతని పద్ధతితో వచ్చాయి. అమెరికాలో తయారైన ఫోర్డు కార్లకు మాత్రము 1978 ఫెయిర్‌మాంట్ వరకు స్ట్రట్ రాలేదు. అందులో కూడా స్ప్రింగును స్తంభము చుట్టూ గాక కింది చేయి మీద విడిగా పెట్టారు. కేడెట్‌ను రద్దుచేసిన షెవర్లే విభాగము 1980 నమూనాగా విడుదల చేసిన సైటేషన్ కారు ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్లనే అమర్చింది.